గాలాపాగోస్ జీవజాతులపై ఎల్ నినో ప్రభావం

గాలాపాగోస్ దీవులు పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖకు ఇరువైపులా విస్తరించి ఉన్న అగ్నిపర్వత ద్వీప సముదాయం. ఇవి దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశానికి చెందినవి. కొన్నేళ్ళకొకసారి వచ్చే ఎల్ నినో వలన ఈ దీవుల చుట్టూ ఉన్న సముద్రపు నీరు వేడెక్కి, నేలపై వర్షాలు విపరీతంగా కురుస్తాయి. దీనికి విరుద్ధమైన చల్లని సంవత్సరాలలో సముద్రంలో ఆహారం సమృద్ధిగా దొరుకుతుంది, నేల మాత్రం ఎండిపోతుంది. ఈ ఒడుదొడుకుల కారణంగా ఇక్కడి జీవజాతుల సంఖ్యే కాక, వాటి శరీర పరిమాణం, ముక్కు మందం వంటి లక్షణాలు సైతం కొద్ది సంవత్సరాలలోనే మారిపోవడాన్ని శాస్త్రవేత్తలు ప్రత్యక్షంగా కొలిచి నమోదు చేశారు.

వాతావరణంలోని మార్పులు జీవజాతుల మనుగడను ఏ విధంగా శాసిస్తాయో తెలుసుకోవడానికి గాలాపాగోస్ దీవులు చక్కని ఉదాహరణ. ఒకే ఘటన ఒక జాతికి కరువుగాను, మరొక జాతికి పంటగాను పరిణమించడం ఇక్కడ కనిపిస్తుంది. ఒక విపత్తును తట్టుకొని నిలవడం ఎంత ముఖ్యమో, తరువాతి విపత్తు వచ్చేలోగా కోలుకోవడానికి తగిన వ్యవధి దొరకడం కూడా అంతే ముఖ్యమని ఇక్కడి పరిశోధనలు తెలియజేస్తున్నాయి.

భౌగోళిక నేపథ్యం

ఈ దీవులు దక్షిణ అమెరికా తీరానికి పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఇసబెలా, శాంతా క్రూజ్, ఫెర్నాండినా, శాన్ క్రిస్టోబల్, ఎస్పన్యోలా వీటిలో ముఖ్యమైనవి. 1835లో ఛార్లెస్ డార్విన్ బీగిల్ నౌకలో వచ్చి ఇక్కడ సుమారు ఐదు వారాలు గడిపాడు. ఆయన ప్రతిపాదించిన ప్రకృతి వరణ సిద్ధాంతానికి ఇక్కడ చూసిన జంతువులు, పక్షులు కొంత ప్రేరణ కలిగించాయి.

భూమధ్యరేఖపై ఉన్నప్పటికీ ఈ దీవుల చుట్టూ ఉన్న నీరు చాలా భాగం చల్లగా ఉంటుంది. దక్షిణం నుండి వచ్చే హంబోల్ట్ ప్రవాహం, పడమటి నుండి సముద్రగర్భంలో ప్రవహించి వచ్చే క్రామ్‌వెల్ ప్రవాహం ఇందుకు కారణాలు. క్రామ్‌వెల్ ప్రవాహం ఫెర్నాండినా, ఇసబెలా దీవుల పశ్చిమ పార్శ్వానికి తగిలి పైకి ఉబుకుతుంది. ఈ అడుగు నీటిలో పోషక లవణాలు అధికంగా ఉండడం వలన ప్లవకాలు, నాచు పుష్కలంగా పెరుగుతాయి. వాటిపై చేపలు, చేపలపై పక్షులు, సముద్ర సింహాలు ఆధారపడి జీవిస్తాయి. ఈశాన్యం నుండి వచ్చే పనామా ప్రవాహం మాత్రం వెచ్చనిది.

ఇక్కడ సంవత్సరానికి రెండు ఋతువులు. జనవరి నుండి మే వరకు వెచ్చని వానకాలం. జూన్ నుండి డిసెంబరు వరకు చల్లని పొడికాలం. లోతట్టు దీవులలో వానకాలంలో కురిసే కొద్దిపాటి వర్షమే ఏడాది పొడవునా మొక్కలకు ఆధారం. ఖండానికి చాలా దూరంగా ఉన్నందున, పరిస్థితులు వికటించినప్పుడు నేలమీది జంతువులు మరో ప్రాంతానికి తరలిపోవడానికి వీలులేదు. ఉన్నచోటనే బ్రతకాలి, లేదా నశించాలి.

ఎల్ నినో, లా నినా

సాధారణ సంవత్సరాలలో వ్యాపార పవనాలు పసిఫిక్ మహాసముద్రపు ఉపరితలంపై ఉన్న వెచ్చని నీటిని తూర్పు నుండి పడమరకు, అంటే ఇండోనేషియా వైపుకు, నెడుతూ ఉంటాయి. తూర్పున ఖాళీ అయిన చోటికి అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. ఈ పవనాలు బలహీనపడినపుడు వెచ్చని నీరు తిరిగి తూర్పుకు వ్యాపిస్తుంది. దీనినే ఎల్ నినో అంటారు. స్పానిష్ భాషలో ఈ మాటకు బాలుడు అని అర్థం. పెరూ తీరంలోని జాలరులు క్రిస్మస్ సమయంలో కనిపించే వెచ్చని ప్రవాహానికి బాల ఏసు పేరు మీదుగా ఈ పేరు పెట్టుకున్నారు. పవనాలు మామూలు కంటే బలపడి తూర్పు పసిఫిక్ మరింత చల్లబడడాన్ని లా నినా అంటారు.

ఎల్ నినో సమయంలో గాలాపాగోస్ వద్ద పైకి వచ్చే నీరు వెచ్చగా, పోషకాలు లేకుండా ఉంటుంది. అందువలన సముద్రపు ఆహార శృంఖల మొదటి మెట్టులోనే దెబ్బతింటుంది. అదే సమయంలో వెచ్చని సముద్రం నుండి లేచిన తేమ మేఘాలై నేలపై కుండపోతగా కురుస్తుంది. 1982–83, 1997–98, 2015–16, 2023–24 సంవత్సరాలలో బలమైన ఎల్ నినోలు వచ్చాయి. వీటిలో మొదటి రెండూ గాలాపాగోస్ జీవజాలాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి.

ఈ ఘటన ప్రభావం పసిఫిక్‌కే పరిమితం కాదు. భారతదేశంలో నైరుతి ఋతుపవనాలు ఎల్ నినో సంవత్సరాలలో బలహీనపడే అవకాశం ఎక్కువ. 2009, 2015 సంవత్సరాల వర్షాభావం ఇందుకు ఉదాహరణ. అయితే ప్రతి ఎల్ నినోతోనూ కరువు రాదు. 1997లో దేశంలో వర్షపాతం సాధారణంగానే నమోదైంది.

సముద్ర జీవులపై ప్రభావం

పగడాలు, చేపలు

పగడపు జీవుల కణాలలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తూ వాటికి ఆహారాన్ని అందిస్తాయి. నీరు ఎక్కువ కాలం వేడిగా ఉంటే పగడాలు ఈ శైవలాలను కోల్పోయి తెల్లగా పాలిపోతాయి. ఆ స్థితి కొనసాగితే చనిపోతాయి. 1982–83 ఎల్ నినోలో గాలాపాగోస్‌లోని పగడాలలో 95 శాతానికి పైగా నశించాయి. మిగిలిన సున్నపు దిబ్బలను సముద్రపు ముళ్ళకాయలు తొలిచివేయడంతో, కొత్త పగడాలు నిలదొక్కుకోవడానికి ఆధారం కూడా లేకుండా పోయింది. ఉత్తరాన ఉన్న డార్విన్, వుల్ఫ్ దీవుల వద్ద మాత్రం చెప్పుకోదగిన దిబ్బలు మిగిలాయి. 2023లో శాస్త్రవేత్తలు ఆల్విన్ అనే జలాంతర్గామి సహాయంతో 400 నుండి 600 మీటర్ల లోతున సజీవమైన పగడపు దిబ్బలను కనుగొన్నారు.

అజురినా యుపలామా అనే చిన్న చేప 1982–83 ఎల్ నినోకు ముందు ఈ దీవుల వద్ద సాధారణంగా కనిపించేది. ఆ తరువాత ఎన్ని అన్వేషణలు జరిపినా కనబడలేదు. ఇది బహుశా అంతరించిపోయి ఉంటుందని భావిస్తున్నారు. ఇది ప్లవకాలను తిని బ్రతికేది. వేడి నీటిలో ప్లవకాలు కొరవడడమే దాని అదృశ్యానికి కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం.

సముద్ర ఇగువానా

ప్రపంచంలో సముద్రంలోకి దిగి ఆహారం సంపాదించుకునే బల్లి జాతి సముద్ర ఇగువానా ఒక్కటే. తీరంలోని రాళ్ళపై పెరిగే ఎరుపు, ఆకుపచ్చ నాచు దీని ఆహారం. ఎల్ నినో సమయంలో ఈ నాచు అంతరించి, సులభంగా జీర్ణం కాని గోధుమరంగు నాచు దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఇగువానాలు కడుపు నిండా మేసినా ఆకలితో మరణిస్తాయి. తీవ్రమైన ఎల్ నినోలలో కొన్ని దీవులలో 90 శాతం వరకు ఇగువానాలు చనిపోయాయి.

ఈ జంతువుల విషయంలో ఒక విశేషాన్ని మార్టిన్ వికెల్‌స్కీ, కొరిన్నా థామ్ అనే పరిశోధకులు 2000లో ప్రకటించారు. ఎదిగిన ఇగువానాలు కరువు కాలంలో బరువు తగ్గడమే గాక పొడవు కూడా తగ్గుతాయి. రెండేళ్ళలోపు కొన్నిటి పొడవు 20 శాతం వరకు తగ్గింది. ఇంతటి తగ్గుదలకు ఎముకలు సైతం కుదించుకుపోవడమే కారణమై ఉండాలని వారు వివరించారు. ఎక్కువగా కుదించుకున్నవే ఎక్కువ కాలం బ్రతికాయి. ఆహారం తిరిగి లభించినపుడు అవి మళ్ళీ పెరిగాయి.

సమృద్ధి కాలంలో పెద్ద శరీరం గల మగ ఇగువానాలకు జతకట్టే అవకాశాలు ఎక్కువ. కరువు కాలంలో పెద్ద శరీరానికి తగినంత మేత దొరకక అవే ముందుగా చనిపోతాయి. ఈ విధంగా మంచి రోజులలో మేలు చేసిన లక్షణమే చెడ్డ రోజులలో కీడు చేస్తుంది.

పెంగ్విన్, ఎగరలేని నీటికాకి

భూమధ్యరేఖకు ఉత్తరాన కూడా నివసించే పెంగ్విన్ జాతి గాలాపాగోస్ పెంగ్విన్ ఒక్కటే. చల్లని ప్రవాహాలు తెచ్చే చిన్న చేపలే దీని ఆధారం. చేపలు లేనపుడు తల్లిదండ్రులు గుడ్లను, పిల్లలను వదలి వెళ్ళిపోతాయి. 1982–83 ఎల్ నినోలో వీటి సంఖ్య 77 శాతం తగ్గింది. పూర్తిగా కోలుకోకముందే 1997–98లో మరో ఎల్ నినో వచ్చి, అప్పటికి ఉన్నవాటిలో సుమారు 65 శాతం నశించాయి.

పెంగ్విన్‌లు నివసించే పశ్చిమ తీరాలలోనే ఎగరలేని నీటికాకి కూడా నివసిస్తుంది. నీటికాకులలో ఎగిరే శక్తి కోల్పోయిన జాతి ఇదొక్కటే. 1983లో వీటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయినా, కొద్ది కాలంలోనే తిరిగి పుంజుకున్నది. పిల్ల కొంత పెరిగిన తరువాత ఆడపక్షి దానిని మగపక్షి సంరక్షణలో వదలి మరో మగపక్షితో జతకడుతుంది. ఆహారం ఉన్నంతకాలం ఈ విధంగా వెంటవెంటనే పిల్లలను కనగలగడం వలన ఈ జాతి నష్టాన్ని త్వరగా పూడ్చుకోగలుగుతున్నది.

నేలమీది జీవులపై ప్రభావం

నేలపై ఎల్ నినో ప్రభావం సముద్రంలోని ప్రభావానికి పూర్తిగా భిన్నం. దీనిని అత్యంత వివరంగా అధ్యయనం చేసిన చోటు డాఫ్నే మేజర్. శాంతా క్రూజ్‌కు ఉత్తరాన ఉన్న ఈ చిన్న దీవి వైశాల్యం సుమారు 0.34 చదరపు కిలోమీటర్లు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి 2012 వరకు ఇక్కడి ఫించ్ పక్షులపై పరిశోధన చేశారు. పక్షులను పట్టి, కాళ్ళకు రంగు వలయాలు తొడిగి, ముక్కు పొడవు, మందం, శరీర బరువు కొలిచి, తరతరాలుగా వాటి వంశవృక్షాలను నమోదు చేశారు. ఈ పరిశోధనపై జొనాథన్ వీనర్ రచించిన ద బీక్ ఆఫ్ ద ఫించ్ అనే పుస్తకానికి 1995లో పులిట్జర్ బహుమతి లభించింది.

1977 అనావృష్టి

మామూలు వానకాలంలో డాఫ్నే మేజర్‌పై సుమారు 130 మిల్లీమీటర్ల వర్షం కురిసేది. 1977లో 24 మిల్లీమీటర్లు మాత్రమే కురిసింది. మధ్య రకం నేల ఫించ్ పక్షులు ఆ ఏడాది పిల్లలను కనలేదు. మెత్తని చిన్న గింజలను పక్షులు కొద్ది నెలలలోనే తినివేశాయి. మిగిలినవి ట్రైబ్యులస్ సిస్టాయిడిస్ అనే మొక్క కాయలు. ఈ మొక్క తెలుగునాట పొలాల గట్లపై కనిపించే పల్లేరు ప్రజాతికే చెందినది. దీని కాయ కూడా పల్లేరు కాయ వలెనే ముళ్ళతో, గట్టి పెంకుతో ఉంటుంది. మందమైన ముక్కు గల పక్షులు మాత్రమే దీనిని పగులగొట్టి లోపలి గింజను తినగలవు.

కరువు ముగిసేసరికి మధ్య రకం నేల ఫించ్ పక్షులలో సుమారు 85 శాతం నశించాయి. ఆడపక్షులు శరీర పరిమాణంలో చిన్నవి కనుక అవి ఎక్కువగా చనిపోయాయి. బ్రతికిన పక్షుల సగటు ముక్కు మందం, కరువుకు ముందు ఉన్న సగటు కంటే సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. 1978లో పుట్టిన పిల్లలకు కూడా పెద్ద ముక్కులే వచ్చాయి. ముక్కు మందం అనువంశికంగా సంక్రమించే లక్షణం కావడమే ఇందుకు కారణం. ప్రకృతి వరణం చాలా నెమ్మదిగా, వేల ఏళ్ళలో జరిగే ప్రక్రియ అని డార్విన్ భావించాడు. అది ఒక్క ఏడాదిలో కొలవదగినంతగా జరగగలదని ఈ కరువు నిరూపించింది.

1983 అతివృష్టి

1982–83 ఎల్ నినోలో డాఫ్నే మేజర్‌పై 1,350 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. ఎండు దీవి పచ్చని తీగలతో, గడ్డితో నిండిపోయింది. పురుగులు, చిన్న గింజలు విస్తారంగా లభించడంతో ఫించ్ పక్షులు నెలల తరబడి వరుసగా గుడ్లు పెట్టి పిల్లలను పెంచాయి. అదే సమయంలో సముద్రంలో ఇగువానాలు, పెంగ్విన్‌లు ఆకలితో మరణిస్తున్నాయి.

అయితే నేలపై కూడా అందరికీ మేలు జరగలేదు. తీగలు అల్లుకోవడం వలన పల్లేరు జాతి మొక్కలు, చెట్టంత ఎత్తు పెరిగే నాగజెముడు మొక్కలు చాలా వరకు నశించాయి. నాగజెముడు పూలు, కాయలపై ఆధారపడే నాగజెముడు ఫించ్ సంఖ్య ఆ తరువాతి సంవత్సరాలలో క్షీణించింది. 1984–85లో తిరిగి వర్షాభావం ఏర్పడినపుడు దీవిలో మిగిలినవి ప్రధానంగా చిన్న గింజలే. వాటిని చురుకుగా ఏరుకోగల చిన్న ముక్కు పక్షులు ఈసారి ఎక్కువగా బ్రతికాయి. 1977లో పెద్ద ముక్కును ఎంపిక చేసిన ప్రకృతి, కొద్ది సంవత్సరాలకే చిన్న ముక్కును ఎంపిక చేసింది. లిస్లే గిబ్స్, పీటర్ గ్రాంట్ ఈ పరిశీలనను 1987లో ప్రచురించారు.

2003–04 అనావృష్టి

అంతకు ముందు డాఫ్నేలో స్థిరనివాసం లేని పెద్ద నేల ఫించ్ 1982–83 కాలంలో అక్కడ గూళ్ళు కట్టుకొని స్థిరపడింది. ఇది పల్లేరు కాయలను మధ్య రకం ఫించ్ కంటే సులభంగా పగులగొట్టగలదు. 2003, 2004 సంవత్సరాలలో వానలు మళ్ళీ విఫలమైనపుడు ఈ రెండు జాతులూ ఒకే ఆహారానికి పోటీ పడ్డాయి. పెద్ద ముక్కు గల మధ్య రకం ఫించ్ పక్షులకు కాయలు దక్కలేదు. 1977లో వేటికి ప్రాణం దక్కిందో, అదే లక్షణం గల పక్షులు ఈసారి ఎక్కువగా చనిపోయాయి. వాతావరణ ఘటన ఒకటే అయినా, చుట్టూ ఉన్న జాతులు మారితే ఫలితం తారుమారు కాగలదని దీనివలన తెలుస్తున్నది. ఈ ఎంపికలో హెచ్.ఎమ్.జి.ఎ.2 అనే జన్యువు ముఖ్యపాత్ర వహించినట్లు 2016లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

మనుగడను నిర్ణయించే అంశాలు

పై ఉదాహరణలను బట్టి ఒక జాతి వాతావరణ ఒడుదొడుకులను తట్టుకొనగలగడం ఈ క్రింది అంశాలపై ఆధారపడి ఉంటుందని చెప్పవచ్చు.

* జాతి లోపలి వైవిధ్యం: డాఫ్నే ఫించ్ పక్షులన్నిటికీ ఒకే రకం ముక్కు ఉండినట్లయితే 1977లోనో, 1985లోనో అన్నీ ఒకేసారి నశించే ప్రమాదం ఉండేది. చిన్న, పెద్ద ముక్కులు రెండూ ఉండడం వలన ఏదో ఒక వర్గం మిగిలింది.
* శరీర సర్దుబాటు: ఇగువానా వలె తన శరీరాన్నే పరిస్థితులకు అనుగుణంగా మార్చుకోగల జీవి, తరాలు మారే వరకు వేచి ఉండనవసరం లేదు.
* సంతానోత్పత్తి వేగం: ఎగరలేని నీటికాకి త్వరగా కోలుకోవడానికి, పెంగ్విన్ వెనుకబడడానికి గల తేడా ఇదే.
* ఆహారపు విస్తృతి: ఒకే రకం ఆహారంపై ఆధారపడిన జాతి, ఆ ఆహారంతో పాటే క్షీణిస్తుంది.
* నివాస పరిధి: ఒకటి రెండు దీవులకే పరిమితమైన జాతి ఒక్క విపత్తుతో కనుమరుగు కావచ్చు.
* విపత్తుల మధ్య వ్యవధి: పై లక్షణాలు ఎన్ని ఉన్నా, కోలుకొనే సమయం లేకపోతే ప్రతి విపత్తూ అంతకు ముందటి కంటే తక్కువ సంఖ్యపై పడుతుంది.

భూతాపం వలన పెరుగుతున్న ముప్పు

ఎల్ నినో మానవుని వలన పుట్టినది కాదు. గాలాపాగోస్ జీవజాతులు వేల సంవత్సరాలుగా దానితోనే సహజీవనం చేస్తూ వచ్చాయి. అయితే బొగ్గు, పెట్రోలు వంటి ఇంధనాల వాడకం వలన భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుతున్న కొద్దీ ఈ ఒడుదొడుకుల తీరు మారే అవకాశం ఉన్నది. తీవ్రమైన ఎల్ నినోలు సుమారు 20 ఏళ్ళకు ఒకసారి నుండి 10 ఏళ్ళకు ఒకసారిగా పెరగవచ్చునని 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం కంప్యూటర్ నమూనాల ఆధారంగా అంచనా వేసింది. అదే జరిగితే జాతులు కోలుకోవడానికి దొరికే వ్యవధి సగానికి తగ్గుతుంది. ఎల్ నినోలు పాత తీరులోనే కొనసాగినా, గాలాపాగోస్ పెంగ్విన్ వంద సంవత్సరాలలో అంతరించిపోయే అవకాశం సుమారు 30 శాతమని ఈ శతాబ్దపు తొలి దశకంలో పరిశోధకులు లెక్కగట్టారు.

మార్పులన్నీ ఒకే దిశలో సాగడం లేదు. 1982 తరువాతి మూడు దశాబ్దాలలో ఇసబెలా, ఫెర్నాండినా దీవుల పడమట ఉన్న చల్లని నీటి ప్రాంతం మరింత చల్లబడి, విస్తరించిందని 2015లో మరో అధ్యయనం తెలిపింది. ఇది పెంగ్విన్‌లకు కొంత ఆసరాగా నిలిచింది.

వర్షాలు అధికమైతే బయటి నుండి వచ్చిన జీవులకు కూడా అనుకూలమవుతుంది. ఫిలోర్నిస్ డౌన్సీ అనే పరాన్నజీవి ఈగ పక్షుల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. దాని డింభకాలు పక్షి పిల్లల రక్తాన్ని పీల్చి చంపివేస్తాయి. 1997లో ఫించ్ గూళ్ళలో వీటిని మొదటిసారి గుర్తించారు. ఇసబెలా దీవిలో మాత్రమే మిగిలి ఉన్న, సుమారు వంద పక్షులు గల మడ ఫించ్ జాతికి ఇది పెద్ద ముప్పుగా పరిణమించింది.

పరిరక్షణ చర్యలు

ఎల్ నినోను ఆపడం స్థానికంగా ఎవరికీ సాధ్యం కాదు. అందువలన ఇతర ఒత్తిడులను తగ్గించి, జాతులు వాటంతట అవి కోలుకొనేలా చూడడమే ఇక్కడి పరిరక్షణ విధానం. ముఖ్యమైన చర్యలు ఇవి.

* 1959లో ఈక్వెడార్ ప్రభుత్వం ఈ దీవులను జాతీయ వనంగా ప్రకటించింది. 1978లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.
* 1998లో చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, పారిశ్రామిక చేపల వేటను నిషేధించారు. 2022లో కోస్టారికాకు చెందిన కోకోస్ దీవి దిశగా 60,000 చదరపు కిలోమీటర్ల హెర్మన్‌దాద్ రక్షిత ప్రాంతాన్ని అదనంగా ఏర్పాటు చేశారు.
* 1997–2006 మధ్య ఇసబెలా ప్రాజెక్టు క్రింద తాబేళ్ళ మేతను హరించివేస్తున్న లక్షకు పైగా మేకలను తొలగించారు.
* 2010లో డీ బోర్స్మా అనే పెంగ్విన్ శాస్త్రవేత్త బృందం లావా రాళ్ళతో 120 గూళ్ళు నిర్మించింది. చేపలు తిరిగి వచ్చిన వెంటనే పెంగ్విన్‌లు గుడ్లు పెట్టుకొనడానికి నీడగల చోటు సిద్ధంగా ఉండాలన్నది దీని ఉద్దేశ్యం.
* 2014 నుండి మడ ఫించ్ గుడ్లను సేకరించి, ఛార్లెస్ డార్విన్ పరిశోధనా కేంద్రంలో పిల్లలను పెంచి, తిరిగి మడ అడవులలో వదిలే కార్యక్రమం చేపట్టారు.

గూళ్ళు కట్టడం, మేకలను తొలగించడం వంటి పనులు రెండు విపత్తుల మధ్య కాలాన్ని జాతులు సద్వినియోగం చేసుకోవడానికి తోడ్పడతాయి. ఆ కాలం నిడివి మాత్రం భూతాపం ఎంత మేరకు అదుపులో ఉంటుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* ఎల్ నినో
* భూతాపం
* జీవ పరిణామం
* ఛార్లెస్ డార్విన్
* పగడపు దిబ్బలు
* నైరుతి ఋతుపవనాలు
* పల్లేరు